ఫోన్ ఫోటోలతో ఆర్కే బీచ్ ఇసుకను కొలవడం ఎలా?

విశాఖలో ఉన్నవాళ్లకి బీచ్ ఎప్పుడూ ఒకేలా ఉండదని వేరే చెప్పక్కర్లేదు. ఒక నెల మెట్ల మొదటి వరకూ ఇసుక నిండుగా ఉంటుంది. ఇంకో నెల వెళ్తే అక్కడే అదనంగా మూడు మెట్లు బయటపడి ఉంటాయి. "ఇసుక కోసేసింది" అంటాం. మళ్లీ నాలుగు నెలలకి "మేటేసింది" అంటాం. ఎంత కోసేసిందని ఎవరైనా అడిగితే మాత్రం మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాం. అంతకు మించి మన దగ్గర లెక్క లేదు.

ఆ లెక్క మీరే తీయొచ్చు. ఒక ఫోన్, ఒక పొడవాటి గెడకర్ర, 30 మీటర్ల టేపు, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల పైపు, తోడుగా ఇంకో మనిషి, ఇంట్లో కాస్త మంచి కంప్యూటర్ ఉంటే చాలు.

ఈ పద్ధతి మంచు కొండల వాళ్లది. కొండ వాలు మీద మంచు ఎంత లోతు పడిందో చూడటానికి గీతలున్న కడ్డీని దింపి కొలవడం పాత అలవాటు, ఇప్పటికీ ఉంది. అయితే కడ్డీ దిగిన చోట లోతు మాత్రమే తెలుస్తుంది. గాలి మంచును ఒక పక్క ఊడ్చి ఇంకో పక్క పోస్తుంది కాబట్టి పది అడుగుల అవతల లెక్క మారిపోతుంది. అందుకని మంచు లేని రోజుల్లో ఆ వాలుని వందల ఫోటోలు తీసి త్రీడీ నమూనా తయారు చేస్తారు. మంచు పడ్డాక మళ్లీ తీసి ఇంకో నమూనా చేస్తారు. రెండో ఎత్తులోంచి మొదటి ఎత్తు తీసేస్తే వాలు మొత్తం మీద ఎక్కడ ఎంత లోతో వచ్చేస్తుంది. స్విట్జర్లాండ్‌లో దావోస్ పరిశోధకులు చేసేది, అలాస్కాలో చిన్న విమానాల్లోంచి ఫోటోలు తీసి చేసింది ఈ తీసివేతే. మన ఇసుకకీ అదే తీసివేత సరిపోతుంది.

ఫోటోల్లోంచి ఎత్తు ఎలా వస్తుందంటారా? బొటనవేలు కళ్ల ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది, వెనక గోడ అంతగా జరగదు. దగ్గరున్నది ఎక్కువ జరుగుతుంది, దూరంగా ఉన్నది తక్కువ జరుగుతుంది. వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఫోటోల్లో ఒకే గవ్వ, ఒకే రాయి ఎంతెంత జరిగాయో సాఫ్ట్‌వేర్ పట్టుకుని, కెమెరా ఎక్కడ నిలబడిందో, ఆ గవ్వ ఎంత ఎత్తులో ఉందో రెండూ కలిపి లెక్కగడుతుంది. అలాంటి చుక్కలు లక్షల్లో చేరితే నేల రూపం తయారవుతుంది.

డ్రోన్ సంగతి ముందే చెప్పేస్తాను. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది, ఎయిర్‌పోర్టు ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మీ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో చూడకుండా డ్రోన్‌ని బ్యాగులోంచి బయటికి కూడా తీయకండి. చిన్న ముక్క నేలకి గెడకర్ర చాలు. కెమెరా ఇసుక వైపే ఉండాలి. హార్బర్ వైపూ, ఓడల వైపూ తిప్పకండి.

చోటు, రోజు, వేళ

మొదటిసారి పెద్ద చోటు పెట్టుకోకండి. గోడ పొడవునా 30 మీటర్లు, సముద్రం వైపు 20 మీటర్లు చాలు. ఒక పక్క బీచ్ రోడ్డు గోడో, మెట్లో తప్పకుండా ఉండాలి. ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

నీరు బాగా వెనక్కి తీసిన వేళ వెళ్లాలి. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకీ పోటుకీ మధ్య తేడా దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి దగ్గర అందులో సగం కూడా ఉండదు. అందుకే అమావాస్య, పౌర్ణమి, ఆ వెంటనే వచ్చే ఒకటి రెండు రోజులు మంచివి. ఆటు వేళలు టైడ్ టేబుల్‌లో దొరుకుతాయి. అలల సూచన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది, బయల్దేరే ముందు అదీ చూసుకోండి. అలలు ఎత్తుగా ఉన్నాయంటే ఇంకో రోజు వెళ్లండి. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. పనిలో పడి సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి. తోడొచ్చిన మనిషికి మొదటి పని అదే, సముద్రాన్ని చూస్తూ ఉండటం.

వెలుతురు విషయానికొస్తే, మబ్బు పట్టిన రోజుని మించింది లేదు. ఎండ రోజైతే పొద్దున్నే సూర్యుడు సముద్రం మీంచి ఎదురుగా కొడతాడు, తడి ఇసుక అద్దంలా మెరుస్తుంది. మెరుపు మనతో పాటు జరుగుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్నే రాయి అనుకుని పట్టుకుంటుంది, నమూనాలో గుంటలు పడతాయి. మధ్యాహ్నం దాటాక సూర్యుడు ఊరి వైపుకి వెళ్తాడు, మెరుపు తగ్గుతుంది. మీ నీడ కూడా ఫోటోలో పడకుండా చూసుకోండి. జనం తక్కువ ఉండే రోజు చూసుకోండి, శని ఆదివారాలు అసలు వద్దు.

కదలని గుర్తులు

ఈ పనికి ప్రాణం ఇక్కడుంది. చాలామంది ఫోటోల మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా గుర్తుల మీద పెట్టరు. రెండు నమూనాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలంటే రెండు రోజుల్లోనూ మారనివి కొన్ని ఉండాలి. అవి కదిలితే మీ తీసివేత మొత్తం తప్పు.

నాకు ఇది తెలిసొచ్చిన తీరు చెబుతాను. మొదటిసారి గోడ మూలలు రెండు, ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్న కాంక్రీటు దిమ్మ ఒకటి గుర్తులుగా పెట్టుకున్నాను. మనుషులు కదపలేనంత బరువుంది కదా అని ధైర్యం. నెలన్నర తర్వాత రెండోసారి కొలిచి ఇంటికొచ్చి తీసివేస్తే దిమ్మ చుట్టూ ఇసుక అరడుగు పెరిగినట్టు వచ్చింది. సంబరపడ్డాను. మర్నాడు మళ్లీ వెళ్లి అక్కడే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర కూర్చుని, "బాబాయ్, ఇటు పక్క ఇసుక మేటేసింది కదా" అన్నాను. ఆయన వల మీంచి తలెత్తి దిమ్మ వైపు చూశాడు. "మేటేటి బాబూ, రాయి దిగిపోనాది. ఇసక పెరగనేదు" అన్నాడు. పాత ఫోటో తీసి చూస్తే నిజమే. మొదటిరోజు దిమ్మ పక్కనున్న కొక్కెం పూర్తిగా బయటికి ఉంది, ఇప్పుడు ఇసుకలో ఉంది. అల దిమ్మ అడుగు నుంచి ఇసుకని తోడేసింది, దిమ్మ నెమ్మదిగా కిందికి దిగింది. నేను దాన్ని కదలనిదిగా లెక్కేయడంతో నమూనా ఆ పక్కకి ఒరిగిపోయి, లేని ఇసుక కనిపించింది.

కాబట్టి ఇసుక మీద నిలబడి ఉన్నదేదీ గుర్తుగా పనికిరాదు, ఎంత బరువున్నా సరే. పునాది ఉన్న గోడ, మెట్లు, దీపస్తంభం దిమ్మ, ఇలాంటివే తీసుకోండి. గోడల మీద రంగు పూయొద్దు, అది అందరి ఆస్తి. మెట్టు మూల, పగులు మొదలైన చోటు, బోల్టు తల, ఇవన్నీ మంచి గుర్తులే. నాలుగైదు ఎంచుకుని ఒక్కోదాన్ని దగ్గర నుంచి ఫోటో తీసి, వేలు పెట్టి చూపించిన ఫోటో కూడా ఒకటి తీసి దాచుకోండి. ఆరు నెలల తర్వాత ఏ మెట్టు ఏ మూలో మీకే గుర్తుండదు.

గుర్తులన్నీ గోడ పక్కనే ఉంటే సరిపోదు, సముద్రం వైపు కూడా కావాలి. అక్కడ స్థిరమైనదేదీ ఉండదు కాబట్టి ప్రతిసారీ తాత్కాలికంగా పెట్టి, గోడ గుర్తుల నుంచి కొలుచుకోవాలి. అడుగు పలక బాత్రూమ్ టైల్స్ ఆరు తీసుకుని, ఒక్కోదాన్ని నాలుగు గళ్లు చేసి ఎదురెదురు గళ్లకి నల్లరంగు వేయండి. నాలుగు గళ్లు కలిసే చుక్క ఫోటోలో స్పష్టంగా దొరుకుతుంది. నాలుగు చివర్లలో నాలుగు, మధ్యలో రెండు ఇసుకలో నొక్కి పెట్టండి.

టైల్ ఎక్కడుందో తెలియడానికి జీపీఎస్ వాడొద్దు. ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఎత్తు విషయంలో ఇంకా ఘోరం. మనం కొలిచేది జానెడు ఇసుక. టేపే మేలు. గోడ మీద ఒకే వరసలో 20 మీటర్ల ఎడంలో రెండు గుర్తులు ఉన్నాయనుకోండి, ఎడమది, కుడిది. రెంటి నుంచీ టైల్ మధ్య చుక్కకి దూరం కొలవండి. ఎడమ నుంచి 15 మీటర్లు, కుడి నుంచి 17 మీటర్లు వచ్చాయనుకుందాం. 15 వర్గం 225, దానికి 20 వర్గం 400 కలిపి, 17 వర్గం 289 తీసేస్తే 336. దాన్ని 20కి రెట్టింపైన 40తో భాగిస్తే 8.4. గోడ వెంబడి ఎడమ గుర్తు నుంచి 8.4 మీటర్లు అన్నమాట. 225లోంచి 8.4 వర్గం తీసేసి వర్గమూలం కడితే 12.43. గోడ నుంచి సముద్రం వైపు అంత దూరం. టేపు బిగుతుగా లాగి పట్టుకోండి, వేలాడితే సెంటీమీటర్లు పోతాయి. గుర్తు ఎత్తుగా ఉండి టైల్ పల్లంలో ఉంటే టేపు వాలుగా నడుస్తుంది. అప్పుడు టేపు చూపిన దూరం వర్గంలోంచి ఎత్తు తేడా వర్గం తీసేసి, దాని వర్గమూలాన్ని దూరంగా వాడండి.

ఎత్తుకి నీళ్ల పైపు. సన్నటి పారదర్శక పైపు 15 మీటర్లు కొని నీళ్లు నింపి, కాస్త నీలిమందు కలపండి, నీటి మట్టం బాగా కనిపిస్తుంది. ముందు రెండు చివరలూ పక్కపక్కన పట్టుకుని చూడండి. రెండు వైపులా నీరు ఒకే గీత మీద నిలిచిందా? నిలవకపోతే లోపల ఎక్కడో బుడగ ఉంది. పైపుని మొదటి నుంచి చివరికి వేలితో తడుతూ వెళ్తే బుడగ కదిలి బయటికొస్తుంది. ఈ ఒక్క పరీక్ష మానేసి పని మొదలుపెట్టిన మేస్త్రీని నేను చూడలేదు. నడిచేటప్పుడు రెండు చివరలనీ బొటనవేళ్లతో మూసి పట్టుకోవాలి, లేకపోతే నీళ్లు ఒలికిపోతాయి. ఒకరు మెట్టు గుర్తు దగ్గర, ఇంకొకరు టైల్ మీద నిలబెట్టిన స్కేలు కర్ర దగ్గర పైపు పట్టుకుని, ఇద్దరూ ఒకేసారి వేళ్లు తీయాలి. నీరు ఊగి ఊగి నిలుస్తుంది. పూర్తిగా నిలిచేదాకా ఆగి, నీటి ఒంపు అడుగుభాగం దగ్గర రెండు వైపులా ఒకేసారి చదవండి. రెండు అంకెల తేడాయే గుర్తుకీ టైల్‌కీ మధ్య ఎత్తు తేడా. ఓపిగ్గా చేస్తే అర సెంటీమీటరు లోపు తేడాతో వస్తుంది. దూరం ఎక్కువైతే మధ్య టైల్ దగ్గర ఆగి రెండు విడతల్లో వెళ్లండి.

ఫోటోలు తీయడం

ఫోన్‌ని గెడకర్ర చివర మొబైల్ హోల్డర్‌తో బిగించి, జారకుండా దారంతో కూడా కట్టండి. నాలుగు మీటర్ల ఎత్తు నుంచి మామూలు ఫోన్ మెయిన్ కెమెరా ఇంచుమించు ఐదున్నర మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు నేలని పట్టుకుంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోటోలో ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. ఇసుక కొలతకి ఇది ఎక్కువే.

జూమ్ ముట్టుకోవద్దు. మెయిన్ లెన్స్ నుంచి వైడ్ లెన్స్‌కి ఫోన్ తనంతట తాను మారిపోకుండా చూసుకోండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. బ్యూటీ, ఏఐ లాంటి మెరుగులన్నీ ఆపేయండి, అవి ఇసుక రేణువుల గరుకుని నున్నగా చేసేస్తాయి. మనకి కావలసింది ఆ గరుకే. బ్లూటూత్ రిమోట్ నొక్కుతూ, ప్రతి పెద్ద అడుగుకీ ఆగి ఒక ఫోటో తీయండి. నడుస్తూ తీస్తే మసకబారతాయి. గోడ చివర నుంచి చివరికి వెళ్లి, ఒకటిన్నర మీటరు సముద్రం వైపు జరిగి, వెనక్కి రండి. పొలం దున్నినట్టే. ఫోటోకీ ఫోటోకీ నాలుగింట మూడొంతులు కలవాలి. 600 చదరపు మీటర్లకి 350 నుంచి 400 ఫోటోలు అవుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్నీ నిట్టనిలువుగా కిందికి చూస్తూ తీస్తే, సాఫ్ట్‌వేర్ లెన్స్ వంపుని తప్పుగా అంచనా వేసి, చదునైన బీచ్‌ని మధ్యలో బోర్లించిన పళ్లెంలా ఉబ్బించే ప్రమాదం ఉంది. దీనికి మందు ఏటవాలు ఫోటోలు. వరసలు పూర్తయ్యాక చోటు చుట్టూ తిరుగుతూ, కెమెరాని మధ్యకి వంచి మరో 50 ఫోటోలు తీయండి. మెట్లు, గోడ గుర్తులు కూడా వీటిలో బాగా పడాలి. ఒక్కో గుర్తు, ఒక్కో టైల్ కనీసం ఐదారు ఫోటోల్లో ఉండేట్టు చూడండి.

మొత్తం గంటలోపు ముగించండి. అంతకు మించితే నీడలు జరుగుతాయి, నీరు తిరిగి ఎక్కుతుంది. నురుగు వచ్చి వెళ్లే అంచుని వదిలేయండి, కదిలే నీటికి నమూనా రాదు.

కంప్యూటర్ దగ్గర

ఫోటోల్లోంచి నమూనా తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో వెబ్‌ఓడీఎం ఉచితం, మామూలు ప్రాసెసర్‌తోనే నడుస్తుంది. కాకపోతే 400 ఫోటోలకి ర్యామ్ ఎక్కువే కావాలి, 16 జీబీ చాలకపోవచ్చు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోవచ్చు. మెష్‌రూమ్ కూడా ఉచితమే, కాకపోతే దట్టమైన నమూనాకి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి.

వచ్చిన చుక్కల మబ్బుని, అంటే ఆ లక్షల చుక్కల నమూనాని, క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, ఇదీ ఉచితమే. అందులో జతల వారీగా చుక్కలు ఎంచి సరిపెట్టే సదుపాయం ఉంది. గోడ గుర్తులు, నాలుగు చివరల టైల్స్ ఒక్కొక్కటిగా క్లిక్ చేసి, టేపుతోనూ పైపుతోనూ మీరు కొలిచిన అంకెలు ఇవ్వండి. సైజు కూడా సరిచేయమని టిక్ పెట్టడం మర్చిపోవద్దు. మధ్యలో పెట్టిన రెండు టైల్స్‌ని మాత్రం ఇవ్వకండి. అవి మీ పరీక్ష పేపరు. సరిపెట్టాక వాటి ఎత్తు నమూనాలో ఎంత వచ్చిందో, పైపుతో ఎంత వచ్చిందో పోల్చి చూడండి. రెండు సెంటీమీటర్ల లోపు తేడా వస్తే పని బాగా జరిగినట్టే. మధ్య టైల్స్ రెండూ నమూనాలో ఐదారు సెంటీమీటర్లు పైకి కనిపిస్తే ఉబ్బు వచ్చిందన్నమాట, ఏటవాలు ఫోటోలు చాలలేదు.

మనుషులు, కుక్కలు, పడవలు, ఊదారంగు పూల తీగలు, అన్నింటినీ కత్తిరించి తీసేయండి. ఇసుక మిగలాలి.

రెండోసారి కొలిచాక ఘనపరిమాణం లెక్కించే టూల్ తెరిచి, మొదటి రోజుని ముందుగా, రెండో రోజుని తర్వాతగా పెట్టండి. అది నేలని చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్కేస్తుంది, గడి సైజు 10 సెంటీమీటర్లు చాలు. చుక్కలు లేని గడులని ఖాళీగానే వదలమనండి, ఊహించి నింపమనొద్దు. ఎక్కడ ఎంత పోయిందో, ఎంత వచ్చిందో రంగుల పటం వస్తుంది, ఘనమీటర్ల లెక్కా వస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఒక ట్రాక్టర్ లోడు సుమారు మూడు ఘనమీటర్లు.

ఎంతవరకూ నమ్మాలి?

పటం చూడగానే ఎవరికీ చెప్పకండి. ముందు మెట్ల మీద తేడా చూడండి. మెట్లు పెరగవు, తరగవు, అక్కడ సున్నా రావాలి. రెండు సెంటీమీటర్లు వచ్చిందంటే నమూనా మొత్తం అంత ఎత్తులో కూర్చుని ఉండొచ్చు. రెండు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. 600 చదరపు మీటర్ల మీద అది 12 ఘనమీటర్లు, అంటే నాలుగు ట్రాక్టర్ల ఇసుక. సముద్రం తాకని ఇసుక పోయిందని ఊరంతా చెప్పినవాళ్లం అవుతాం.

ఒక్కో కొలతలో రెండు సెంటీమీటర్ల తప్పు ఉందనుకుంటే, రెండు కలిశాక ఐదున్నర సెంటీమీటర్ల లోపు తేడాని మార్పు అనకూడదు. రెండు తప్పుల వర్గాలు కూడి, వర్గమూలం కట్టి, 1.96తో హెచ్చిస్తే వచ్చే అంకె ఇది. ఆ లోపు గడులన్నిటికీ పటంలో బూడిదరంగు వేసేయండి. మిగిలిన రంగులని ధైర్యంగా చూపించొచ్చు.

కారణం చెప్పేటప్పుడూ జాగ్రత్త కావాలి. మన తీరంలో ఇంచుమించు మార్చి నుంచి అక్టోబరు వరకూ ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. దక్షిణాన ఔటర్ హార్బర్ గోడలు ఆ నడకకి అడ్డం కాబట్టి, అక్కడ ఆగిన ఇసుకని డ్రెడ్జర్లతో తీసి బీచ్‌లో పోయిస్తుంటారు. అంటే మీ రెండు కొలతల మధ్య రుతువు మారి ఉండొచ్చు, తుఫాను వచ్చి ఉండొచ్చు, డ్రెడ్జర్ పని చేసి ఉండొచ్చు. ఏం జరిగిందో తేదీలతో రాసుకోకుండా రంగు చూసి కారణం చెప్పలేం.

ఇదే పని మంచు మీద చేయాలంటే

మనవాళ్లు హిమాచల్, ఉత్తరాఖండ్ ట్రెక్కులకి చాలామందే వెళ్తున్నారు. ఇక్కడ చేయి తిరిగినవాళ్లు అక్కడ ప్రయత్నించొచ్చు. కొత్త మంచు తెల్లగా, నున్నగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి పట్టు దొరకదు. గాలి గీతలు పడ్డ పాత మంచైతే, ఏటవాలు ఎండలో బాగా వస్తుంది. తెలుపులో గీతలు మాయమైపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. గుర్తులకి మంచు పైకి కనిపించే బండలు, గోడలు వాడాలి. వేసవిలో గడ్డి నిలబడి ఉంటుంది, చలికాలంలో మంచు బరువుకి పడుకుంటుంది. అందువల్ల గడ్డి ఉన్న చోట లోతు తక్కువగా చూపిస్తుంది. కడ్డీ తీసుకెళ్లి పదిచోట్ల దింపి సరిచూసుకోవాల్సిందే. మంచు జారే వాలుల మీదకి కొలతల కోసం ఎక్కకండి, ఎదుటి గట్టు నుంచి తీయండి.

ఒక తేడా మాత్రం పెద్దది. మంచు లోతు తెలిస్తే నీళ్లెంతో తెలిసినట్టు కాదు. ఘనమీటరు తాజా మంచు 100 కిలోలు తూగొచ్చు, అదే అణిగిన పాత మంచు 300 నుంచి 400 కిలోలు. మీటరు లోతున్న 300 కిలోల మంచు కరిగితే 30 సెంటీమీటర్ల నీరు. అందుకని అక్కడ గొట్టంతో మంచు కోసి తూకం కూడా వేస్తారు.

ఆర్కే బీచ్‌లో తూకం పని లేదు. మీ నోటుపుస్తకంలో తేదీ, ఆటు వేళ, గుర్తుల అంకెలు, టైల్స్ అంకెలు, పైపు చదివినవాళ్ల పేర్లు రాయండి. ఫోటోలని ఎడిట్ చేయకుండా తేదీ పేరుతో ఫోల్డర్‌లో పెట్టి రెండు చోట్ల దాచండి. టైల్స్ కడిగి ఆరబెట్టి, పైపులో నీళ్లు వంచేసి చుట్ట చుట్టండి. తర్వాతి అమావాస్యకి ఆటు ఎన్ని గంటలకో ఇప్పుడే చూసి కేలండర్ మీద గుర్తు పెట్టుకోండి.